ఇంటర్వెల్ గంట

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు రెండు నెలల క్రితం ఫోన్ చేసి, "అయ్యగారూ, మీరు అరగంట మాట్లాడాలి, అంశం మీ ఇష్టం" అన్నారు. "క్రైస్తవ నాయకులు సేవలో ఎందుకు డీలా పడిపోతున్నారు, పడిపోకుండా ఏం చేయాలి అన్న దాని మీద మాట్లాడతాను" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. స్వర్ణోత్సవం పూట ఇదేం అంశమని ఆయనకు అనిపించి ఉంటుంది.

ఎందుకు ఎంచుకున్నానో ముందే చెబుతాను. మనది మిషన్ బడి. ఇక్కడ చదివినవాళ్లలో పాస్టర్లున్నారు, సంఘ పెద్దలున్నారు, మిషన్ బడుల హెడ్మాస్టర్లున్నారు, ఆస్పత్రుల్లో నర్సింగ్ సూపరింటెండెంట్లుగా చేసినవాళ్లున్నారు, స్త్రీల సమాజాలనూ సండేస్కూళ్లనూ నడిపేవాళ్లున్నారు. మా బ్యాచ్‌లోనే సేవకని వెళ్లినవాళ్లం ఐదుగురం. ఇవాళ సేవలో ఉన్నది ముగ్గురం. ఒకరు మానేసి వ్యాపారం చూసుకుంటున్నారు. ఇంకొకరు ఎవరి ఫోనూ ఎత్తడం లేదు. ఆ ఇద్దరూ నాకన్నా బాగా వాక్యం చెప్పేవాళ్లు. వాళ్లు విశ్వాసం లేక ఆగిపోలేదు. అలసిపోయి ఆగిపోయారు. నేనూ వాళ్ల వెనకే వెళ్లాల్సినవాణ్ని. అందుకే ఈ మాట ఈ హాల్లోనే చెప్పాలనిపించింది.

ఇక్కడ కూర్చున్న వారందరూ క్రైస్తవులు కారని నాకు తెలుసు. నేను తెలిసిన భాషలోనే మాట్లాడగలను, అది బైబిలు భాష. కానీ పదిమంది బాధ్యత నెత్తిన వేసుకున్న ప్రతివారికీ, ముఖ్యంగా మా ఉపాధ్యాయ మిత్రులకు, ఇందులో తమ సంగతి కనిపిస్తుందని నమ్ముతున్నాను.

ముందు నా సంగతి.

నా సేవ ఒక చిన్న పట్టణంలో. పట్టణంలో ఒక సంఘం, చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఏడు చిన్న సంఘాలు. ఆదివారం మూడు ఆరాధనలు. మంగళవారం స్త్రీల కూడిక, బుధవారం బైబిలు తరగతి, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యౌవనస్తులు. మధ్యలో గృహ దర్శనాలు, పుట్టినరోజు ప్రార్థనలు, గృహప్రవేశాలు, పెళ్లిచూపుల రాయబారాలు, ఆస్తి తగాదాలు, ఆస్పత్రి, సమాధి కార్యక్రమాలు, ఆదరణ కూడికలు. లెంట్ వస్తే నలభై రోజులు రోజూ సాయంత్రం కూడిక. డిసెంబరు వస్తే ఒకటో తారీఖు నుంచి కొత్త సంవత్సరం రాత్రి ఆరాధన వరకు నెలంతా సెమీ క్రిస్మస్సులే. ఇక్కడున్న పాస్టర్లకు ఇదంతా చెప్పక్కర్లేదు, నవ్వుకుంటున్నారు.

పదకొండేళ్లు అలా తిరిగాను. సెలవంటూ ఒక్కరోజు పెట్టలేదు. అది గొప్పగా చెప్పుకునేవాణ్ని. "సేవకుడికి సెలవేంటండీ" అని ప్రసంగాల్లో కూడా అన్నాను. జనం ఆమేన్ అన్నారు.

మా ఇంటి వరండాలో ఒక బల్ల ఉండేది. నన్ను కలవడానికి వచ్చినవాళ్లు వరసగా కూర్చునేవాళ్లు. ఒక సాయంత్రం ఆరుగురితో మాట్లాడి పంపించి, ఏడోవారిని పిలుద్దామని బయటకు తొంగిచూస్తే, మా అమ్మాయి కూర్చుని ఉంది. అప్పుడు పదో తరగతి. "నువ్వేంటమ్మా ఇక్కడ?" అన్నాను. "మీతో మాట్లాడాలి నాన్నా. ఇంట్లో అయితే మీరు దొరకరు కదా, అందుకే లైన్లో కూర్చున్నాను" అంది. అది వెటకారంగా అన్నమాట కాదు. నిజంగానే అంతకన్నా దారి లేదనుకుంది. నేను నవ్వేసి, తలనిమిరి, రెండు నిమిషాలు మాట్లాడి, ఎనిమిదోవారిని పిలిచాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక సమాధి కార్యక్రమం. అంతకుముందు రోజు కూడా వేరే ఊళ్లో ఒకటి జరిపించాను. సమాధి దగ్గర నిలబడి ప్రార్థన చేస్తూ, చనిపోయినాయన పేరుకు బదులు నిన్నటి ఆయన పేరు చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆయన భార్య, డెబ్బై ఏళ్ల తల్లి, నా పక్కనే నిలబడి ఉంది. నా చెయ్యి మెల్లగా పట్టుకుని, "మా ఆయన పేరు అది కాదండీ అయ్యగారూ" అంది.

పేరు తప్పడం ఎవరికైనా జరుగుతుంది. నన్ను భయపెట్టింది అది కాదు. ఆవిడ అలా అన్నప్పుడు నాకు సిగ్గు కలగలేదు, జాలి కలగలేదు. 'ఇది ఎప్పుడైపోతుందా, వెళ్లి పడుకుందాం' అనిపించింది. అంతే. పదకొండేళ్ల క్రితం ఎవరైనా చనిపోతే ఆ ఇంటివాళ్లతో కలిసి ఏడ్చినవాణ్ని. ఆ మనిషి ఎక్కడికి పోయాడో తెలియలేదు.

దీపంలో నూనె ఉన్నంతసేపు కాలేది నూనే. వత్తి పాడవదు. నూనె అయిపోయాక కూడా దీపం కాసేపు వెలుగుతుంది, అప్పుడు కాలేది వత్తి. దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు, వెలుగుతూనే ఉంది కదా అనుకుంటారు. దగ్గరున్నవాళ్లకు మాత్రం కమురు వాసన వస్తుంది. నా విషయంలో ఆ వాసన ముందు మా ఇంట్లోవాళ్లకు వచ్చింది. నాకు అందరికన్నా చివర తెలిసింది.

దీనికి ఇంగ్లీషువాళ్లు బర్నౌట్ అని పేరు పెట్టారు. 1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ఆయన చూసింది పెద్ద జీతాల ఉద్యోగులను కాదు. పేదలకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్కుల్లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను. ఆయనా వాళ్లలో ఒకడే. ఎంతో ఆశతో వచ్చినవాళ్లే కొంతకాలానికి చిరాకుపడటం, విసుక్కోవడం, ఎవరికోసం వచ్చారో వాళ్లనే తప్పుపట్టడం గమనించాడు. ఆలోచించండి, నిప్పు లేనివాడు కాలడు. మనసుపెట్టి చేసేవాడే కాలతాడు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో దీన్ని చేర్చింది. జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, శక్తి అంతా ఊడ్చుకుపోయినట్టుండటం. రెండు, చేసే పని మీద మనసు విరిగిపోవడం, దాన్ని ఎగతాళిగా చూడటం. మూడు, నావల్ల ఏ ఉపయోగమూ లేదనిపించడం. మొదటిది నిద్రపోతే కొంత తగ్గుతుంది. రెండోది మొదలైందంటే జాగ్రత్తపడాలి. సమాధి దగ్గర నాకు వచ్చింది ఆ రెండోదే.

ఆ వారమే నాకు కళ్లు తిరిగితే మా ఆవిడ బలవంతాన డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. ఆ డాక్టరు మన బడివాడే, నా బ్యాచే, ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెబితే తిడతాడు. బీపీ చూశాడు, షుగరు చూశాడు. రెండూ బాగాలేవు. మందులు రాస్తూ, "ఒరేయ్, చివరిసారి సెలవు ఎప్పుడు పెట్టావు?" అన్నాడు. నా ప్రసంగం నేను మొదలుపెట్టాను. వాడు కలం కింద పెట్టి, "నువ్వు అప్పుడూ అంతేరా. ఇంటర్వెల్ గంట కొట్టినా క్లాసులోంచి బయటకు వచ్చేవాడివి కాదు" అన్నాడు.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండో పీరియడ్ అవగానే వరండాలో వేలాడే ఇనుప ముక్క మీద గంట కొట్టేవాళ్లు. అందరూ పంపు దగ్గరకో, వేపచెట్టు కిందకో పరుగెత్తేవాళ్లు. నేను లెక్కలు పూర్తిచేయాలని కూర్చునేవాణ్ని. మా లెక్కల మాస్టారు వచ్చి నా చేతిలో కలం లాక్కుని, "లెక్క ఎక్కడికీ పోదు, నువ్వు ఎండలోకి పో" అని తరిమేవారు. ఆయన శ్రద్ధలేని పిల్లల్ని ఎలా తిట్టేవారో, ఇంటర్వెల్‌కి వెళ్లని నన్నూ అలాగే తిట్టేవారు. అదీ చదువులో భాగమేనని ఆయన లెక్క. నాకు అది అర్థం కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు లేఖనం దగ్గరకు వెళదాం. కొత్త సంగతులు చెప్పడం లేదు. మనం సండేస్కూల్లో నేర్చుకున్న కథలనే కాస్త నిదానంగా చూద్దాం.

ఏలీయా కథ చూడండి. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప విజయం. వెంటనే తర్వాతి అధ్యాయం, 1 రాజులు 19. యెజెబెలు బెదిరించింది, ఏలీయా పారిపోయాడు. బెయేర్షెబాలో తన దాసుణ్ని విడిచిపెట్టి, ఒక్కడే అరణ్యంలోకి ఒక దినం ప్రయాణం చేసి, ఒక చెట్టు కింద కూర్చుని, చావు ఇమ్మని ప్రార్థించాడు. ఓడిపోయినవాడు ఇలా అంటే అర్థముంది. గెలిచినవాడు అన్నాడు. మనలో ఎందరో పెద్ద సభలు ముగిసిన మర్నాడే కుంగిపోతారు, ఇదేమిటో అర్థంకాక మథనపడతారు. ప్రవక్తకే జరిగింది.

దేవుడు ఏం చేశాడు? గద్దించలేదు. విశ్వాసం మీద పాఠం చెప్పలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా అదే. ప్రయాణం ఆ తర్వాత, మాట్లాడటం ఆ తర్వాత. అలసిపోయిన సేవకుడికి దేవుడు రాసిన మొదటి మందు తిండి, నిద్ర. మనమేమో అలసిపోయినవాడు వస్తే ఉపవాసం ఉండమని చెబుతాం.

హోరేబు కొండ దగ్గర ఏలీయా ఒకే మాట రెండుసార్లు అన్నాడు, నేనొక్కణ్నే మిగిలానని. దేవుడు ఆ లెక్క సరిచేశాడు. బయలుకు మోకరించనివాళ్లు ఇంకా ఏడువేలమంది ఉన్నారన్నాడు. అంతటితో ఆగలేదు, నీ స్థానంలో ఎలీషాను అభిషేకించమని చెప్పాడు. అంటే తిండి, నిద్ర, తోడు, వారసుడు. ఈ నాలుగూ ఇచ్చాడు. మన లెక్కల మాస్టారి భాషలో చెప్పాలంటే, ఏలీయా ఒకటి అనుకున్నచోట జవాబు ఏడువేలు. నేనొక్కణ్నే అనుకోవడం భక్తిలా కనిపిస్తుంది. అది లెక్క తప్పు.

రెండోది మోషే కథ, నిర్గమకాండం 18. మామగారు యిత్రో వచ్చాడు. ఊరికే రాలేదు, పుట్టింట్లో ఉన్న మోషే భార్యనూ ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఎన్నోసార్లు చదివాను కానీ, మా అమ్మాయి లైన్లో కూర్చున్న తర్వాతే ఈ సంగతి నా కంటపడింది. సలహా చెప్పకముందు, మామగారు కుటుంబాన్ని తెచ్చి అల్లుడి ముందు నిలబెట్టాడు. మర్నాడు చూస్తే మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీర్పు తీరుస్తూ కూర్చున్నాడు, జనం చుట్టూ నిలబడి ఉన్నారు. అచ్చం మా వరండాలాగే. యిత్రో మెచ్చుకోలేదు. ఈ పద్ధతి మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని తేల్చి చెప్పాడు. వెయ్యిమందికి ఒకరు, వందమందికి ఒకరు, ఏభైమందికి, పదిమందికి ఒకరు చొప్పున నమ్మకస్తులను నియమించమన్నాడు.

ఇక్కడ గమనించాల్సింది, జనమూ నలిగిపోతారన్నది. నేను అన్నీ చేస్తుంటే జనానికి మేలు చేస్తున్నాననుకుంటాను. నిజానికి వాళ్లు రోజంతా నిలబడి ఉన్నారు. చిన్న సంగతికి కూడా అయ్యగారు రావాలని కాచుకుని ఉన్నారు. తామే చేయగలిగిన పనులు కూడా మరిచిపోయారు. నా అలసట నా ఒక్కడి నష్టం కాదు.

మూడోది మార్కు 6. శిష్యులు పరిచర్య చేసి తిరిగొచ్చారు. వచ్చేపోయేవాళ్లతో భోంచేయడానికి కూడా తీరిక లేదు. ప్రభువు వాళ్లను ఏకాంతంగా ఒక నిర్జన ప్రదేశానికి వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు. ఆజ్ఞ ఇచ్చినవాడే విశ్రాంతీ ఇచ్చాడు. అయితే నిజాయితీగా మొత్తం చదవాలి. ఆ విశ్రాంతి దక్కలేదు. జనం కాలినడకన ముందే అక్కడికి చేరుకున్నారు. ప్రభువు కనికరపడి బోధించాడు, ఐదువేలమందికి భోజనం పెట్టాడు. అవసరం వస్తే విశ్రాంతి చెడుతుంది, అది సేవలో మామూలే. కానీ పని అయ్యాక ఆయన శిష్యులను పడవ ఎక్కించి, జనాన్ని పంపించివేసి, ప్రార్థన చేయడానికి కొండకు వెళ్లాడు. ఇంకా స్వస్థత కావలసినవాళ్లు ఆ గుంపులో లేరంటారా? ఉండే ఉంటారు. అయినా జనాన్ని పంపించివేశాడు. అది ఆయనకు చేతనైంది, మనకు చేతకావడం లేదు.

మన జిల్లా చరిత్ర నుంచి కూడా ఒక్క సంగతి చెబుతాను. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొరగారి గురించి ఈ ప్రాంతంవాళ్లకు తెలుసు. 1876 నుంచి 78 వరకు వచ్చిన ధాతు కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడాయన. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య అందరికీ కంఠతా వచ్చు. అది ఎలా జరిగిందో మాత్రం మనం చెప్పుకోం. ఆరుగురు తెలుగు బోధకులు నదిలో వంతులవారీగా దిగారు. ఒకసారికి ఇద్దరు. ఆ ఇద్దరూ అలసిపోతే గట్టెక్కారు, వేరే ఇద్దరు దిగారు. మధ్యాహ్నం పూట ఆపి విశ్రాంతి తీసుకుని మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రానికి పని పూర్తయింది. ఒక్కడే నీళ్లలో నిలబడి ఉంటే ఆ రోజు ఏమయ్యేదో ఊహించుకోండి. మనం పండుగ చేసుకునే అంత పెద్ద రోజుకే ఇంటర్వెల్ ఉంది. మన మామూలు మంగళవారానికి లేదు.

స్పర్జన్ గారి పేరు వినని తెలుగు క్రైస్తవులు తక్కువ. లండన్‌లో వేలమందికి వాక్యం చెప్పిన ఆ మనిషి జీవితమంతా తీవ్రమైన కుంగుబాటుతో బాధపడ్డాడు. దాన్ని దాచుకోలేదు. తన దగ్గర చదువుకునే పాస్టరు విద్యార్థులకు దాని గురించే ఒక ప్రసంగం చేశాడు. ఆరోగ్యం కోసం చలికాలాల్లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మెంటన్‌కు వెళ్లేవాడు. 1892లో అక్కడే, 57 ఏళ్లకే కన్నుమూశాడు. అంతటివాడికే వచ్చిందంటే, మనకు వస్తే అది విశ్వాసం లోపం అని ఎవరూ అనకూడదు, మనమూ అనుకోకూడదు.

ఇక నా కథలో మిగిలిన ముక్క. డాక్టరు మూడు నెలలు పూర్తి విశ్రాంతి అన్నాడు. సంఘ పెద్దల ముందుకు వెళ్లడానికి నాకు చేతులు వణికాయి. ఉద్యోగం పోతుందేమో, పరువు పోతుందేమో అనుకున్నాను. అంతా చెప్పాను, సమాధి దగ్గర సంగతితో సహా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అందరిలోకి పెద్దాయన, రిటైరైన టీచరు, "మీరు ఎప్పుడూ అడగలేదు గనుక మేం ఇవ్వలేదు అయ్యగారూ. మేం చూసి ఇవ్వాల్సింది. తప్పు ఇద్దరిదీ" అన్నారు. సెలవు ఇచ్చారు. జీతం ఆపలేదు.

మూడు నెలలు నిద్రపోయాను. మొదటి నెల నిజంగా నిద్రే. తర్వాత మా అమ్మాయిని పొద్దున్నే కాలేజీ బస్సు దగ్గర దింపేవాణ్ని. దారిలో ఆ పిల్ల చెప్పేది వినేవాణ్ని. మూడేళ్లలో ఎన్ని సంగతులు నాకు తెలియకుండా జరిగిపోయాయో అప్పుడు తెలిసింది.

తిరిగి వెళ్లేసరికి సంఘం కూలిపోలేదు. బుధవారం బైబిలు తరగతి ఒక నర్సమ్మ నడిపింది. నేను నడిపినప్పటికన్నా ఎక్కువమంది వచ్చారు. రోగులను చూడటానికి స్త్రీల సమాజంవాళ్లు జట్లుగా వెళ్లారు. ఊళ్లలో పెద్దలే వాక్యం చదివి ప్రార్థన చేశారు. అది చూసి నాకు సంతోషం కలగాలి కదా? నిజం చెబుతున్నాను, మొదటి వారం బాధ కలిగింది. నేను లేకపోయినా జరిగిపోయిందే అని. ఆ బాధతోనే నా జబ్బు అసలు పేరు తెలిసింది. ఇన్నాళ్లూ నేను పని ఎక్కువై అలసిపోయాననుకున్నాను. అది సగమే నిజం. అందరికీ నేనే కావాలన్న ఆశ, నేను లేకపోతే జరగదన్న గర్వం, అవీ నన్ను మోయలేనంత బరువు మోయించాయి. సంఘం ప్రభువుది. నేను కాపరిని, యజమానిని కాను. ఇది పదకొండేళ్లు ప్రసంగించాను, ఒక్కరోజు నమ్మలేదు.

అనుభవం మీద నాకు పనికొచ్చిన నాలుగు సంగతులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, వారానికి ఒకరోజు. పాస్టర్లకు ఆదివారం విశ్రాంతి దినం కాదు, అందరికన్నా ఎక్కువ పనిదినం. కాబట్టి వేరే రోజు ఎంచుకోవాలి. నాది సోమవారం. ఆ రోజు ఫోను ఒక పెద్దగారి దగ్గర ఉంటుంది. చావో, ప్రాణం మీదకు వచ్చిన జబ్బో అయితేనే నాకు చెబుతారు. మొదట్లో కొందరికి కోపం వచ్చింది. పుట్టినరోజు ప్రార్థనకు రాలేదని ఒక కుటుంబం వేరే సంఘానికి వెళ్లిపోయింది. బాధే. కానీ అందరినీ మెప్పించి నేను మిగిలేవాణ్ని కాదు.

రెండోది, నిజం చెప్పే మనిషి ఒకరు. మన బల్ల కింద కూర్చునేవాడు కాకూడదు, మనవల్ల అతనికి ఏ లాభమూ ఉండకూడదు. మోషేకు యిత్రో ఉన్నాడు. నాకు మన డాక్టరున్నాడు. నెలకోసారి ఫోన్ చేసి, "ఇంటర్వెల్‌కి వెళుతున్నావా?" అంటాడు. భార్య ఈ మాట వందసార్లు చెప్పి ఉంటుంది. పాస్టరమ్మగారు చెబితే వినని మనం, ఇంకొకరు చెబితే వింటాం. ఇకనుంచి ఆమె మాటే ముందు వినండి. ఆమె కూడా అలసిపోయిందేమో అడగండి, సంఘమంతా ఆమెతో జీతం లేని పని చేయించుకుంటుంది.

మూడోది, చేసే ప్రతి పని పక్కన ఇంకొకరిని నిలబెట్టుకోండి. ఏలీయాకు ఎలీషాలాగా. వాళ్లు మనంత బాగా చేయకపోవచ్చు, మొదట. మా మాస్టార్లు మా చేత బోర్డు మీద లెక్క చేయించారు, తప్పులు పోయినా. తామే చేసి చూపిస్తే గంటలో పది లెక్కలు అయ్యేవి. కానీ మాకు ఒక్కటీ వచ్చేది కాదు.

నాలుగోది, అలసట వేరు, జబ్బు వేరు. విశ్రాంతి తీసుకున్నా వారాలు గడిచినా మనసు తేరుకోకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలని అనిపించకపోతే, డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రార్థన చేస్తూనే వెళ్లండి. షుగరుకు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు ఇదీ కాదు. ప్రభుత్వంవారి టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఈ నంబరు మీకు అవసరం లేకపోయినా రాసుకోండి, పక్కవాడికి అవసరం రావచ్చు.

సంఘ పెద్దలకు ఒక్క మనవి. మీ పాస్టరు అడిగేదాకా ఆగకండి. ఏడాదికి ఎన్నాళ్లు సెలవో కాగితం మీద రాసి చేతికివ్వండి. సెలవు వాడుకోకపోతే ఎందుకు వాడలేదని అడగండి. బడుల యాజమాన్యాలూ హెడ్మాస్టర్లకు, టీచర్లకు అలాగే చేయండి. మంచివాడని మరో నాలుగు పనులు వాడి నెత్తినే పెట్టకండి.

నేను పూర్తిగా మారిపోయానని చెప్పను. పోయిన డిసెంబరులో మళ్లీ తప్పాను. రెండు సోమవారాలు పోగొట్టాను. మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఫోన్ చేసి, "నాన్నా, వరండాలో మళ్లీ బల్ల వేశారా?" అంది. మూడో సోమవారం ఇంట్లో ఉన్నాను.

సెలవు ముగిశాక నేను ముందు వెళ్లింది ఆ డెబ్బై ఏళ్ల తల్లి దగ్గరకు. క్షమించమని అడిగాను. కుర్చీ వేసి, టీ పెట్టి ఇచ్చింది. "మీరు ఆ రోజు బాగా అలసిపోయి ఉన్నారని నాకు తెలిసిందయ్యా" అంది. ఆ తర్వాత ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లప్పటి సంగతులు, బావి తవ్వించిన సంగతి, ఆయనకు పాటలంటే ఉన్న ఇష్టం. గంటన్నర కూర్చున్నాను. వాచీ చూడలేదు. లేచి వచ్చేటప్పుడు ఆయన పేరు పెట్టి ప్రార్థన చేశాను. ఈసారి సరిగా చెప్పాను. కళ్లు తడిశాయి. పోయిన మనిషి తిరిగొచ్చాడనిపించింది.

మా లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. మాస్టారూ, మీరు ఆ రోజుల్లో నా చేతిలో కలం లాక్కున్నందుకు ఇన్నేళ్ల తర్వాత వందనాలు చెబుతున్నాను. కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. టీ టైమైందట. ఈసారి అందరికన్నా ముందు నేనే బయటకు వెళతాను.